అమీర్‌పేటలో మా కెమిస్ట్రీ డెమో

ఈ మధ్య కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్లు కలిసినప్పుడు ఒక మాట అంటున్నారు. "సార్, మీ రోజుల్లో పిల్లలు చదువు కోసం వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఉద్యోగం కోసం వస్తున్నారు" అని. నాకు నవ్వొస్తుంది. మా రోజుల్లో మా క్లాసుకు అసలు పిల్లలు రానేలేదు నాయనా. మేమే రోడ్డు మీదికి వెళ్ళి పిలుచుకోవలసి వచ్చింది. ఆ సంగతే చెబుతాను. ఇందులో నా గొప్ప వెతక్కండి. గొప్పంతా మా కెమిస్ట్రీ హెడ్డు మేడమ్‌ది. నేను బ్యూరెట్లు మోశాను, అంతే.

మా డిగ్రీ కాలేజీ అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు వెళ్ళే దారిలో ఒక సందులో ఉండేది. మూడంతస్తుల భవనం. ఆటస్థలం లాంటి సోకులేమీ లేవు. కెమిస్ట్రీ ల్యాబు పై అంతస్తులో పెట్టారు, వాసనలు పైకి పోతాయని. బేగంపేటలో దిగే విమానాలు సరిగ్గా మా నెత్తి మీదుగా వెళ్ళేవి. విమానం వస్తే పాఠం ఆపాలి, పోయాక మళ్ళీ అందుకోవాలి. నేనైతే ఎక్కడ ఆపానో మర్చిపోయి పిల్లల్నే అడిగేవాణ్ణి. మేడమ్ మాత్రం ఏ మాట దగ్గర ఆపారో ఆ మాట నుంచే అందుకునేవారు. ఆమెది నల్గొండ వైపు. నాది గోదావరి జిల్లా. చేరిన కొత్తలో ఆమె మాట నాకు సగం అర్థమయ్యేది, నా మాట ఆమెకు పూర్తిగా అర్థమై నవ్వొచ్చేది.

అవి సాఫ్ట్‌వేర్ జోరుగా ఉన్న సంవత్సరాలు. అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి తల పైకెత్తితే ఆకాశం కనబడేది కాదు, జావా, ఒరాకిల్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ల బోర్డులే కనబడేవి. మా కాలేజీలో బీఎస్సీకి కొన్ని గ్రూపులుండేవి. కంప్యూటర్ సైన్సు ఉన్న గ్రూపులకు పిల్లలు ఎగబడేవాళ్ళు. కెమిస్ట్రీ ఉన్న గ్రూపులకు ముందు బెంచీలు నిండితే పండగ. మూడేళ్ళ పాటు పిల్లలు తగ్గుతూ తగ్గుతూ వచ్చారు. నాలుగో ఏడు అడ్మిషన్లకు ముందు మా కరస్పాండెంట్ గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు.

ఆయన చెడ్డవాడు కాదు. విజయవాడ నుంచి వచ్చి భవనాలు కట్టి, ఆ డబ్బుతో కాలేజీ పెట్టిన మనిషి. టీ తెప్పించి, బిస్కట్లు పెట్టి, మర్యాదగానే చెప్పారు.

"నాకు కెమిస్ట్రీ మీద కోపమేం లేదు మేడమ్ గారూ. కానీ కంప్యూటర్ పిల్లలకు కూర్చోడానికి చోటు లేదు, మీ ల్యాబులో కాకులు కూర్చుంటున్నాయి. ఈ ఏడు కనీసం ఇరవై మందైనా చేరకపోతే కెమిస్ట్రీ గ్రూపులు ఎత్తేద్దాం. ల్యాబులో కార్పెట్ వేయించి ఏసీ పెట్టిస్తాను. ఏంటంటారు?"

ఏమంటాం. గ్రూపు పోతే నేను ఇంటికి పోతాను, అది వేరే సంగతి. మేడమ్ ఆ ల్యాబును పుట్టిన దగ్గర నుంచి పెంచారు. ఏ కుళాయి కారుతుందో, ఏ త్రాసు కాస్త మొగ్గుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు. బయటికి వచ్చాక ఆమె మెట్లెక్కి ల్యాబుకు వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎదురు సందులో ఒక ఇన్‌స్టిట్యూట్ ముందు కుర్రవాళ్ళు మెయిన్ రోడ్డు దాకా బారు తీరి ఉన్నారు.

"గా లైనేంది సార్?" అన్నారు.

"డెమో మేడమ్. కొత్త బ్యాచీ మొదలుపెట్టే ముందు ఒక క్లాసు ఊరికే చెప్తారు. నచ్చితే ఫీజు కట్టి చేరతారు."

"అంటే కొనకముందు రుచి చూపిస్తున్నరన్నట్టు."

"అన్నట్టే."

"మరి మనం సుత చూపిద్దాం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

హాలు దొరకడం కష్టం కాలేదు. మా పాత విద్యార్థి ఒకతను చౌరస్తా దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. మా దగ్గర కెమిస్ట్రీ రెండుసార్లు తప్పి, మూడోసారి మేడమ్ కూర్చోబెట్టి చెప్తే గట్టెక్కి, ఆ తర్వాత జావా నేర్చుకుని దాన్నే నేర్పుతూ పైకొచ్చిన మనిషి. ఊళ్ళో అందరికీ అతను భాయ్. మేడమ్ ముందు మాత్రం ఇంకా చేతులు కట్టుకునే నిలబడేవాడు.

"మీరు ఫికర్ చేయకండి మేడమ్. సండే పొద్దుగాల హాలు ఖాళీనే ఉంటది. ఏసీ సుత వేయిస్త. కానీ ఒక్క మాట చెప్తా, బురా మానకండి. డెమో అంటే అంతా చెప్పొద్దు. మస్తు ఇంట్రెస్ట్ వచ్చిన జాగల ఆపాలె. మిగతాది చేరినంక అనాలె. గదే అమీర్‌పేట."

మేడమ్ తల ఊపారు. ఒప్పుకున్నారో లేదో తెలియలేదు.

ఇక కరపత్రం. నేనూ మేడమూ కూర్చుని రాశాం. చౌరస్తాలో ఒక డీటీపీ సెంటర్‌లో ఇచ్చాం. ప్రూఫు వస్తే ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకుని దిద్దాం. అందులో పొటాషియం పర్మాంగనేట్ సూత్రం ఉంది. సూత్రంలో చివరి నాలుగు అంకె కాస్త కిందికి పడాలి కదా, డీటీపీ వాళ్ళు దాన్ని మాటిమాటికీ పైకి ఎక్కించేవారు. మూడుసార్లు తిప్పి పంపి, చివరికి అంకెను కిందికి దింపించి, ప్రపంచాన్ని జయించినంత సంబరంగా అచ్చుకిచ్చాం.

పంచింది కూడా మేమే. ఎమ్మెస్సీ చదివి చౌరస్తాలో కాగితాలు పంచుతున్నానే అని నాకు తల కొట్టేసినట్టుండేది. శ్రీనగర్ కాలనీలో ఉండే మా బంధువులు ఎవరైనా చూస్తారేమోనని బస్‌స్టాపు గోడకు ఆనుకుని, మొహం పక్కకు పెట్టి పంచేవాణ్ణి. ఒకాయనకు కాగితం ఇస్తే ఆయన తీసుకుని, తన సంచిలోంచి ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఆయనా పంచడానికే వచ్చాడు. అవతలి పక్క మేడమ్ నడిరోడ్డు డివైడర్ దగ్గర నిలబడి, కాగితం తీసుకున్న ప్రతి మనిషితో రెండు మాటలు మాట్లాడి మరీ పంపుతున్నారు. సిగ్గన్నది ఆ మనిషి దరిదాపులకు రాలేదు. చూస్తూ చూస్తూ నేను కూడా గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాను.

ఆదివారం పొద్దున సామాను ఆటోలో వేసుకుని బయల్దేరాం. ఒళ్ళో బ్యూరెట్, కాళ్ళ మధ్య స్టాండు, పక్కన ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు. ఆటో అతను అద్దంలో చూసి, "ఎవరికన్న బాగలేదా సార్? గది సెలైన్ స్టాండ్ కదా. సోమాజిగూడల దవాఖానకు పోనియ్యమంటరా?" అన్నాడు. మా గ్రూపుకే బాగలేదు, ఒక విధంగా నిజమే అనుకుని, అమీర్‌పేటకే పోనివ్వమన్నాను.

ఇన్‌స్టిట్యూట్ దగ్గర దిగేసరికి మెట్ల మీద జనం. కింద జనం. ఎదురు అరుగు మీద జనం. నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. కెమిస్ట్రీకి ఇంతమందా అని గుండె ఉప్పొంగింది. అంతలో కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, జాబ్ గ్యారంటీ అని వేసిండ్రు కదా. కాయితం మీద రాసిస్తరా?"

"ఎవరు వేశారండీ?"

ఆయన మా కరపత్రమే చూపించాడు. అట్టడుగున, నక్షత్రం బొమ్మలో, 'హండ్రెడ్ పర్సెంట్ జాబ్ గ్యారంటీ' అని ఉంది. నాలుగు అంకె కిందికి పడిందా లేదా అని మూడుసార్లు చూసుకున్నాం గాని, దాని కింద ఏం పడిందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. వేలకొద్దీ పంచాం. డీటీపీ సెంటర్ అదే భవనంలో కింది అంతస్తే, పరుగెత్తుకుని వెళ్ళి అడిగాను. అక్కడి ఆపరేటర్ చాలా శాంతంగా జవాబిచ్చాడు.

"గది డిజైన్‌లనే ఉంటది సార్. అందరికీ వస్తది. తీసేయమని మీరు చెప్పలే."

పైకి వచ్చేసరికి కరస్పాండెంట్ గారు ముందు వరసలో కూర్చుని వెలిగిపోతున్నారు. సంగతి చెప్పాను. ఆయన మేడమ్ వైపు వంగి మెల్లగా అన్నారు.

"ఉండనివ్వండి మేడమ్ గారూ. ఈ ఊళ్ళో ప్రతివాడూ వేసుకునేదే. వాళ్ళంతట వాళ్ళు అడిగితే చూద్దాం. మీరు పాఠం చెప్పండి చాలు. ఇరవై కాదు, అరవై మంది చేరతారు ఇవాళ. మీ ల్యాబు జోలికి నేను రాను."

అబద్ధం ఆడమనలేదు ఆయన, ఊరుకోమన్నారు. ఊరుకుంటే ల్యాబు మిగులుతుంది. నాకైతే ఊరుకుంటే బాగుండుననే అనిపించింది, దాచుకోవడం ఎందుకు. మేడమ్ చీర కొంగు నడుముకు దోపుకుని బోర్డు ముందుకు వెళ్ళారు.

"అందరికి నమస్తే. పాఠం కంటె మొదలు ఒక మాట. గీ కాయితం మీద ఉద్యోగం గ్యారంటీ అని ఉన్నది. అచ్చుల పడ్డది, మేం చూస్కోలే. తప్పు మాదే. మా దగ్గర చదివితే ఉద్యోగం వస్తదని నేను రాసియ్య. కెమిస్ట్రీ మాత్రం మంచిగ చెప్తం. గ్యారంటీ కోసం వచ్చినోళ్ళు పోవచ్చు, నేనేం అనుకోను. పని ఇడిచిపెట్టుకొని వచ్చిండ్రు, మాఫ్ చేయుండ్రి."

తర్వాత కుర్చీల చప్పుడు మొదలైంది. ఇందాకటి పెద్దమనిషి కొడుకు చెయ్యి పట్టుకుని లేచాడు. ఇంటర్ అయిన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తండ్రులు, బాబాయిలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కరస్పాండెంట్ గారు మొహం మీద చెయ్యి వేసుకున్నారు. భాయ్ తలుపు దగ్గర నిలబడి పోయేవాళ్ళకు దారి ఇస్తూ, మేడమ్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

సగం హాలు మిగిలింది. ఫరవాలేదు, సగం ఉందిగా అనుకున్నాను. మేడమ్ అడిగారు, "మీల ఇంటర్ అయినోళ్ళెవరు?" రెండో మూడో చేతులు లేచాయి. "డిగ్రీ, ఇంజినీరింగ్ అయినోళ్ళు?" హాలంతా చేతులే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. అమీర్‌పేటలో కరపత్రాలు తీసుకునేది ఎవరు? అప్పటికే పట్టా చేతిలో ఉండి, ఉద్యోగం లేక హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. చౌరస్తాలో మేం ఎవరికి పంచుతున్నామో మాకు తట్టనేలేదు. చేరగలిగినవాళ్ళు వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు చేరడానికి లేదు. వీళ్ళు ఎందుకు కూర్చున్నారంటే, బయట ఎండగా ఉంది, లోపల ఏసీ ఉంది.

నేను మేడమ్ దగ్గరికి వెళ్ళి, "వీళ్ళెవరూ మనకు పనికిరారు మేడమ్. సామాను సర్దేయనా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూశారు. "వచ్చి కూసున్నోళ్ళకు పాఠం చెప్పకుండ పంపుతమా సార్? నీళ్ళు వేడిగున్నయా, చూడుండ్రి."

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. చేయబోయేది పెద్ద ఇంద్రజాలమేమీ కాదు, డిగ్రీ పిల్లలందరూ చేసేదే. ఆమ్లం కలిపిన ఆక్జాలిక్ యాసిడ్ ద్రావణాన్ని వేడిచేసి, బ్యూరెట్ నుంచి ఊదారంగు పర్మాంగనేట్ చుక్కచుక్కగా వదిలితే ఆ రంగు విరిగిపోతుంది. కాకపోతే ద్రావణం బాగా వేడిగా ఉండాలి. ఆ ఏసీలో అది మా మాట వినేట్టు లేదు.

మేడమ్ మొదటి చుక్క వదిలారు. గులాబీ రంగు తిరిగింది, అలాగే ఉండిపోయింది. మేడమ్ గాజుపాత్రను మెల్లగా తిప్పుతున్నారు. రంగు పోలేదు. వెనక ఎవరో నవ్వారు. నాకు చెమట్లు పట్టాయి, అంత ఏసీలోనూ. "ఆగుండ్రి, దానికి తొందర లేదు, మనకే ఉన్నది" అన్నారామె. అంతలో చూస్తుండగానే రంగు పలచబడి, మాయమై, నీళ్ళు తేటబడ్డాయి. రెండో చుక్క వేశారు. అది పడుతూనే మాయమైంది. మూడోది కూడా అంతే.

"ఎందుకు?" అన్నారు మేడమ్.

చివరి వరసలో చారల చొక్కా వేసుకున్న అబ్బాయి ఒకడు, "వేడి వల్ల మేడమ్" అన్నాడు.

"వేడి ఉంటె జల్దీ అయితది, నిజమే. కానీ మొదటి చుక్కప్పటికన్న రెండో చుక్కప్పటికి నీళ్ళు ఇంకింత చల్లారినయ్ కదా బేటా. మరి జల్దీ ఎట్లయింది?"

ఆ అబ్బాయి వెనక నుంచి లేచి, మధ్య దారిలో నడుచుకుంటూ బల్ల దగ్గరికే వచ్చాడు. పాత్రలోకి చాలాసేపు చూశాడు. మేడమ్ అతనికి జవాబు అందివ్వలేదు, ఎదురుచూశారు. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆమె ఎదురుచూసిన తీరే. పిల్లవాడు ఆలోచిస్తుంటే మధ్యలో మాట అందించకుండా ఉండటం ఎంత కష్టమో పాఠాలు చెప్పినవాళ్ళకు తెలుసు.

"మొదటి చుక్క పోలే మేడమ్" అన్నాడు చివరికి. "రంగు పోయింది గని, అది ఏందో ఒకటి అయ్యి లోపల్నే ఉన్నది. గదే మిగతా చుక్కలకు సాయం చేస్తున్నది."

మేడమ్ మొహం చూడాలి అప్పుడు. ఇరవై అడ్మిషన్లూ, ల్యాబూ అన్నీ మరిచిపోయారు. తలుపు దగ్గర నుంచి భాయ్ రెండు చేతులూ ఎత్తి ఆపమని సైగ చేస్తున్నాడు. అమీర్‌పేట పద్ధతి ప్రకారం సరిగ్గా అక్కడే ఆపాలి. ఆమె ఆపలేదు. సుద్దముక్క తీసుకుని, ఆ రంగు విరిగినప్పుడు పుట్టే పదార్థం ఏమిటో, అదే తర్వాతి చర్యను ఎలా పరుగెత్తిస్తుందో మొదటి నుంచి చివరిదాకా బోర్డు మీద రాసి చెప్పారు. ఎవరూ లేవలేదు. చివర్లో భాయ్ కూడా వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాడు. "రెండేండ్లు తప్పిన దాంట్ల నేను. ఇయ్యాల సమజైంది" అన్నాడు నాతో.

సామాను కిందికి దించేటప్పుడు ఆ చారల చొక్కా అబ్బాయి స్టాండు అందుకున్నాడు. కరీంనగర్ దగ్గర ఊరట. ఇంజినీరింగ్ అయి చాలాకాలమైంది, ఇక్కడ ఒక కోర్సు తర్వాత ఒక కోర్సు చేస్తున్నాడు. "నాలుగేండ్లు చదివిన మేడమ్. ఎందుకు అని నన్ను అడిగి, నేను చెప్పేదాక ఆగినోళ్ళు ఎవ్వరు లేరు" అన్నాడు. మెట్లు దిగాక, "మా చెల్లె ఇంటర్ అయింది. కంప్యూటర్స్‌ల వేద్దామనుకున్నం" అన్నాడు.

నేను ఆశగా మేడమ్ వైపు చూశాను. ఒక్కరైనా ఒక్కరే కదా.

"ఆ పిల్లను అడుగు" అన్నారామె. "చదివేది నువ్వు కాదు కదా."

తర్వాతి వారం మా ఆఫీసు గదికి పురుగు కూడా రాలేదు. కరస్పాండెంట్ గారు కార్పెట్ అతన్ని పిలిపించి ల్యాబు కొలతలు తీయించారు. అతను టేపు పట్టుకుని బల్లల కింద దూరుతుంటే మేడమ్ రసాయనాల సీసాల మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నారు. ఆ రోజు ఆమె మొహం చూడలేక నేను కిందికి వెళ్ళిపోయాను.

ఆ వారం దాటాక ఒక కుర్రవాడు తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. డెమోలో రెండో వరసలో కూర్చున్నవాడే. మర్నాడు ఇంకొకడు మేనమామ కూతుర్ని. హాస్టల్ గదుల్లో ఆ చుక్క సంగతి చెప్పుకున్నారట, పక్క గదిలోవాడు వాళ్ళ ఊరికి ఫోన్ చేశాడట. ఎవరూ ఉద్యోగం మాట ఎత్తలేదు. ఒకతను మాత్రం, "గ్యారంటీ లేదని చెప్పిన కాలేజీ ఇదేనా?" అని అడిగి రూఢి చేసుకుని మరీ చెల్లెల్ని చేర్చాడు. ఆఖరి రోజుకు ఇరవై దాటాం. కరస్పాండెంట్ గారు మాట మీద నిలబడ్డారు, అది కూడా చెప్పాలి. "ఏంటో మేడమ్ గారూ, వద్దంటే వస్తున్నారు, రమ్మంటే పోతున్నారు" అని, కార్పెట్‌ను తన గదిలో వేయించుకున్నారు.

మొదటి ప్రాక్టికల్ రోజు. కొత్త తెల్ల ఆప్రన్లలో పిల్లలు బల్లల దగ్గర నిలబడ్డారు. ఒక అమ్మాయి మేడమ్ దగ్గరికి వచ్చి బెరుకుగా నిలబడింది.

"మేడమ్, మా అన్న బయట ఉన్నడు. నన్ను దింపనీకి వచ్చిండు. జరసేపు తలుపు కాడ నిలబడి చూస్తనంటుండు."

చూస్తే చారల చొక్కా అబ్బాయి. ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గాని మనిషి అతనే.

"నిలబడి చూసుడు మా ల్యాబుల లేదు" అన్నారు మేడమ్. "ఆప్రన్ వేసుకొని లోపలికి రమ్మను."

అతని దగ్గర ఆప్రన్ ఎక్కడిది? నాది విప్పి ఇచ్చాను. చేతులు పొట్టయ్యాయి. ఇంజినీరు పట్టా ఉన్న మనిషి, ఫస్టియర్ పిల్లల మధ్య సిగ్గుపడుతూ నిలబడ్డాడు. వాళ్ళ చెల్లెలు టెస్ట్‌ట్యూబుల స్టాండు కాస్త జరిపి అన్నకు చోటిచ్చింది. నేను కిటికీ తీసే వంకతో అటు తిరిగాను.

అప్పుడే కరస్పాండెంట్ గారు రౌండుకు వచ్చారు. తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని ఒకసారి కళ్ళతో లెక్కబెట్టి, అతని దగ్గర ఆగారు.

"ఈ అబ్బాయి ఎవరు మేడమ్ గారూ? మన అడ్మిషన్లలో చూసినట్టు లేదే."

మేడమ్ బర్నర్ వెలిగిస్తూ, తల ఎత్తకుండానే జవాబిచ్చారు.

"డెమోకు వచ్చిండు సార్. ఇంకా అయిపోలే."